ఉపనిధి

తెలుగున ‘మాట’ యను పదమునకు రెండర్థములున్నవి. నోట వెలువడు పలుకొకటి, ఇచ్చి నిలుపుకొనవలసిన బాస మఱియొకటి. నేను పదునాలుగు సంవత్సరములుగా హైదరాబాదులో, కోర్టు కాగితములను, ఒప్పందములను, దస్తావేజులను ఒక భాషనుండి వేఱొక భాషకు మార్చి యిచ్చు సంస్థయొకదానిలో సేల్స్ పని చేయుచున్నాను. మా వ్యాపారమున వెల మాటకింతయని కట్టుట వాడుక. పలుకులను లెక్కించి వెల కట్టుటయు, ఆ పలుకులలో తప్పుండదని వచ్చినవారికి బాస చేయుటయు నా పనియే; కావున ఆ రెండర్థములును నా చేతిలో ప్రతిదినము కలిసికొనుచునే యుండును. లెక్క కట్టుటలో నాకెన్నడును సందేహము కలుగలేదు. బాస చేయుటలో మాత్రము కలిగినది. అది నేటికిని పూర్తిగా తీఱలేదు. ఉర్దూ చదువ నాకు రాదు, జర్మను రాదు, అరబ్బీ రాదు. అయినను ఆ భాషలనుండి చేయించిన అనువాదము యథార్థమైనదని చెప్పి సొమ్ము పుచ్చుకొనుచున్నాను. తానెఱుగని సత్యమునకు మనుష్యుడు పూచీపడవచ్చునా? పడినచో, ఆ పూచీ ఏ ధర్మముక్రిందికి వచ్చును?

ఈ వృత్తి యేల పుట్టినదో ముందుగా కొంత చెప్పవలెను. మన రాజ్యాంగములోని 348వ అధికరణము, పార్లమెంటు వేఱొక యేర్పాటు గావించువఱకు సుప్రీంకోర్టులోను హైకోర్టులలోను వ్యవహారము ఆంగ్లముననే నడువవలెనని విధించినది. పల్లెలో నలుగురు పెద్దల యెదుట అన్నదమ్ములు వ్రాసికొన్న పంపకపు కాగితమైనను, అవసానదశలో తల్లి చెప్పగా ఊరి బడిపంతులు వ్రాసిపెట్టిన వీలునామాయైనను, మూసీ యొడ్డునున్న హైకోర్టు మెట్లెక్కునప్పటికి ఆంగ్లమును వెంటబెట్టుకొని పోవలసినదే. 2023లో తెలంగాణ హైకోర్టు ఒక వ్యాజ్యమున తెలుగులో తీర్పు వెలువరించిన వార్త చదివిననాడు, నా వృత్తికి గిరాకీ తగ్గునేమో యను తలపు కలుగకముందే నా కన్నులు చెమర్చినవి. ఇక సముద్రము దాటి పోవు మన పిల్లల సంగతి చెప్పనక్కఱలేదు. అమెరికా వలసశాఖకు సమర్పించు ప్రతి పరభాషాపత్రమునకును పూర్తి ఆంగ్లానువాదము జతపడవలెను. అనువాదకుడు అది సమగ్రము, యథార్థము అనియు, ఆ పనికి తనకు సామర్థ్యము కలదనియు వ్రాసి సంతకము చేయవలెను. గుంటూరు మండలములోని ఒక పంచాయతీ కచేరీలో తెలుగున వ్రాసి యిచ్చిన జననపత్రము ఆ సంతకముతోనే టెక్సాసులోని కచేరీలో నోరు విప్పును.

భాష తెలియకపోవుట యనగా ఎట్టి నిస్సహాయతయో మన న్యాయస్థానములు గుర్తింపకపోలేదు. ముందుజాగ్రత్త నిర్బంధమున నున్న, ఆంగ్లము రాని యొక వ్యక్తికి నిర్బంధకారణములను ఆంగ్లమున వ్రాసి యిచ్చినప్పుడు, అతనికి తెలిసిన భాషలో తెలుపనిది తెలిపినట్లే కాదని సుప్రీంకోర్టు హరికిషన్ వ్యాజ్యమున 1962లో నిర్ణయించినది. ఒక మనుష్యుని స్వేచ్ఛ అనువాదమను సన్నని దారముపై వ్రేలాడుచుండెను. ఆ దారమును వడికిన చేయి అనువాదకునిది. దానిని బజారునకు తెచ్చి ‘ఇది తెగదు’ అని చెప్పునది నేను.

న్యాయదర్శనకర్త గౌతముడు శబ్దమును ప్రమాణములలో ఒకటిగా గణించి, ఆప్తుడు చెప్పినదే శబ్దప్రమాణమగునని నిర్వచించెను. ఆప్తుడెవ్వడని ప్రశ్నించుకొని వాత్స్యాయనుడు చెప్పిన లక్షణము నాకు మిక్కిలి ప్రియమైనది: విషయమును తాను సాక్షాత్తుగా ఎఱిగియుండవలెను, ఎఱిగినదానిని ఎఱిగినట్లే తెలుపవలెనను కోరిక యుండవలెను, ఆ కోరికచే ప్రేరితుడై చెప్పవలెను. ఈ లక్షణము ఋషికిని, ఆర్యునికిని, మ్లేచ్ఛునికిని సమానమని కూడ ఆ భాష్యకారుడు నిస్సంకోచముగా పలికెను. మా సంస్థకు ఉర్దూ పత్రములను చదివిపెట్టు మౌల్వీసాబు, రెవెన్యూ కచేరీలో పనిచేసి విరమించిన వృద్ధుడు, ఈ లక్షణముచొప్పున నిస్సందేహముగా ఆప్తుడు. పత్రమును ఆయన చూచినాడు. చూచినది చూచినట్లు చెప్పనిచో ఆయనకు నిద్రపట్టదు. నాకు ఆ కోరిక యుండవచ్చును గాని చూపు లేదు. చూపు లేనివాడు చూచినవానివలె పలికినచో, ఆ పలుకు దైవికముగా నిజమే యైనను, పలికినవాడు ఆప్తుడు కాడు. ఈ విషయమున శాస్త్రము నాకెట్టి మినహాయింపును ఇచ్చుట లేదు.

అయినచో పూచీ యెవరిది? విదేశమునకు పోవు పత్రము నడచు దారిని గమనింపుడు. అనువాదకుడు సంతకము చేయును. నోటరీ ఆ సంతకముపై ముద్ర వేయును. రాష్ట్రప్రభుత్వాధికారి నోటరీని ధ్రువీకరించును. ఆపైన విదేశాంగశాఖవారు అపోస్టిలు అంటింతురు. ఈ అపోస్టిలునకై 1961లో హేగ్ నగరమున కుదిరిన యొడంబడిక మన దేశమునకు 2005నుండి వర్తించుచున్నది. చూచువారికి కోటచుట్టు కోట కట్టినట్లుండును. కాని ఈ కోటలలో ఏదియు లోపలి యర్థమునకు కాపలా కాయదు. సంతకము నిజమైనది, సంతకము చేసినవానికి ఆ హోదా కలదు అని మాత్రమే అపోస్టిలు పలుకును. 1952నాటి నోటరీల చట్టము అనువాదమును సరిచూచు అధికారమును నోటరీకి ఇచ్చినమాట నిజమే; ఆ భాష రాని నోటరీ దానిని దేనితో సరిచూచును? ముద్రకు ముద్ర సాక్షి, ఆ సాక్షికి వేఱొక సాక్షి. తార్కికులు దీనినే అనవస్థ యందురు.

ఈ అనవస్థ నేటిది కాదు. వారన్ హేస్టింగ్సు కాలమున పదునొకండుగురు పండితులు సంస్కృతమున కూర్చిన ధర్మశాస్త్రసంగ్రహమును ముందు ఫారసీలోనికి మార్చి, ఆ ఫారసీనుండి హాల్‌హెడ్ అను నాతడు ఆంగ్లమున వ్రాసి 1776లో అచ్చొత్తించెను. మూలము సంస్కృతము, తీర్పు చెప్పువాడు ఆంగ్లేయుడు, నడుమ ఫారసీ; ఇన్ని చేతులు మాఱిన ధర్మము ఎవని యింటి హద్దును ఎక్కడికి జరపినదో ఎవరెఱుగుదురు? 1783లో కలకత్తాకు న్యాయమూర్తియై వచ్చిన విలియమ్ జోన్సు, పండితులు చెప్పినదే ధర్మమని నమ్మి తీర్పు చెప్పుటకు మనసొప్పక తానే సంస్కృతము నేర్చి, మనుస్మృతిని ఆంగ్లీకరించి 1794లో ప్రకటించి, ఆ యేడే కన్ను మూసెను. పరులను నమ్మనొల్లక ఒక భాషనే స్వాధీనపఱచుకొన్న ఆ మహానుభావుని యెడల నాకు గౌరవము మెండు. కాని ఆయన ఈ అనవస్థను తెంచినది తన మట్టునకే. ఆయన గ్రంథమును బల్లపై పెట్టుకొని తీర్పులు చెప్పిన తరువాతి న్యాయమూర్తులు మరల జోన్సును నమ్మవలసినవారే యైరి. నమ్మకమును ఒకచోటినుండి మఱియొకచోటికి జరుపవచ్చును గాని లోకమునుండి తుడిచివేయ వీలుపడదు.

మీమాంసకులు ఈ చిక్కునకు స్వతఃప్రామాణ్యమను మార్గము చూపిరి. బాధకమైన జ్ఞానము వేఱొకటి కలుగువఱకు, కలిగిన జ్ఞానము తనంతట తానే ప్రమాణము. ప్రతి ప్రమాణమునకును వేఱొక ప్రమాణమును వెదుకనక్కఱలేదు. ఐతే మనుష్యవాక్యము విషయమున వారొక హెచ్చరిక చేయకపోలేదు: వక్తయొక్క దోషము వాక్యములోనికి ప్రవేశింపవచ్చును. ఈ హెచ్చరిక నా గుండెకు తగిలినది. ఏలయనగా అనువాదమున దోషము ప్రవేశించు ద్వారము తఱచు అనువాదకుని అజ్ఞానము కాదు, అమ్మకము చేసినవాని ఆత్రము. కొన్నియేండ్ల క్రిందట, వేఱొక సంస్థకు పోనున్న పనిని చేజిక్కించుకొనుటకై, నలువదిపుటల కట్టను రాత్రికి రాత్రి చేయింతునని నేను మాట ఇచ్చితిని. తెల్లవాఱునప్పటికి పని ముగిసినది. కాని ఒక జననపత్రమున, అమెరికావారు నెలను ముందు వ్రాయు పద్ధతికి మార్చుటలో, రోజును నెలయు తారుమారైనవి. ఆ పొరపాటువలన ఒక కుటుంబము మాసములకొలది వేచియుండవలసి వచ్చినది. అనువాదకురాలు కన్నీరు పెట్టుకొని క్షమాపణ చెప్పినది. ఆమె కన్నులకు నిద్ర లేకుండ చేసినది నేను. నాడు వాక్యదోషము ఆమెది, వక్తృదోషము నాది.

ఆ తరువాతనే నాకు యాజ్ఞవల్క్యస్మృతి వ్యవహారాధ్యాయములోని ఉపనిధిప్రకరణము కనబడినది. మన ధర్మశాస్త్రములు ఇల్లడలను, అనగా ఒకరిని నమ్మి ఒకరు దాచుకొన్న సొమ్మును, రెండు తెఱగులుగా విభజించినవి. లెక్కపెట్టి, చూపి, చెప్పి ఇచ్చినది నిక్షేపము. లోపల ఏమున్నదో చెప్పక, పెట్టెలోనో మూటలోనో ఉంచి, ముద్రవేసి అప్పగించినది ఉపనిధి. తీసికొన్నవానికి లోపలి వస్తువు తెలియదు. తెలియవలసిన పనియు లేదు. అడిగిననాడు ఎట్లున్నదట్లే ఇచ్చివేయుటయే అతని ధర్మము. రాజు హరించినను, దైవికముగా పోయినను, దొంగలు కొనిపోయినను అతనిపై నేరము లేదు. కాని ఆ సొమ్మును తన యిచ్చవచ్చినట్లు వాడుకొని దానిపై బ్రదికినచో దండన కలదు. వృద్ధితోకూడ తిరిగి యీయవలెను. ఎన్ని శతాబ్దముల క్రిందటి స్మృతికారుడో నా ఉద్యోగమును ఎదుట నిలిచి చూచి వ్రాసినట్లు తోచినది. నేను అర్థమునకు ఆప్తుడను కాను, కానేరను. నా చేతికి వచ్చునది ముడివిప్పని మూట. దానిని విప్పదగినవాని చేతిలోనే పెట్టుట, అతడు విప్పుచున్నంతసేపు అతనిని తొందరపెట్టకుండుట, ఇంకొకరి చేయి లోపల పడనీయకుండుట, అందులో చూచినదానిని నా లాభమునకు వాడుకొనకుండుట, ఎట్లు వచ్చినదట్లే చేర్చుట: ఇంతవఱకే నేను పూచీపడగలవాడను. చిరిగివచ్చినది చిరుగుతోనే పోవలెను.

కొనువారికి ఈ చివరిమాట రుచింపదు. మంచి అనువాదకుడు ముద్ర చెరిగినచోట ‘ముద్ర చెరిగినది’ అని వ్రాయును. అక్షరము తెలియనిచోట ‘అస్పష్టము’ అని వ్రాయును. ఫసలీ సంవత్సరమును ఫసలీగానే ఉంచి, క్రీస్తుశకమున అది ఏ యేడగునో వేఱుగ సూచించును. డబ్బిచ్చి కొన్న కాగితమున ‘అస్పష్టము’ అను మాట కనబడగానే కొనువానికి తాను మోసపోయినట్లుండును. పదునాలుగేండ్లలో నేను పోగొట్టుకొన్న పనులలో హెచ్చుపాలు ఈ యొక్క మాటవలన పోయినవే.

అట్టిదానిని ఒకదానిని చెప్పెదను. మెదక్ ప్రాంతపు రైతు, ఎనుబదేండ్లవాడు, ఒక మధ్యాహ్నము మా కార్యాలయమునకు వచ్చెను. వెంట నాలుగెకరముల భూమి బేరము నడుపుచున్న మధ్యవర్తి యొకడుండెను. వృద్ధుడు ఎఱ్ఱని గుడ్డలో కట్టిన మూటను నా బల్లపై పెట్టి, “బిడ్డా, ఇందుల ఏమున్నదో నాకు తెల్వది. మా తాత పేరున్నదని మా నాయిన చెప్పిండు. ఆయనకు గూడ సదువు రాదు” అనెను. ముడి విప్పనైన విప్పలేదు. మూడు తరములు ఆ ఇంట ఎవ్వరును చదువని కాగితము అది. నైజాము కాలపు గ్రామలెక్కలనుండి తీసిన ఉర్దూ నకలు.

మౌల్వీసాబు దానిని రెండుదినములు చదివినాడు. కచేరీ గుమస్తాలు గొలుసుకట్టుగా వ్రాయు షికస్తా లిపిలో చుక్కలు తఱచు పెట్టరు. చుక్క లేనిచో ఒకే గీత నాలుగు అక్షరములలో ఏదైనను కావచ్చును. వృద్ధుని తాతపేరు స్పష్టముగానే యున్నది. పేరునకు ఎదురుగా ‘షిక్మీ’ అను మాట యున్నది. దానిని ఆనుకొని వేఱొక మాట యుండవలసినచోట తడిసి ఆరిన మరక యున్నది. ఫారసీలో షికమ్ అనగా కడుపు. ఒకని పట్టా కడుపులో మఱియొకనికి గల హక్కు షిక్మీ. ఫసలీ 1317నాటి హైదరాబాదు భూమిశిస్తు చట్టమున ‘షిక్మీదారు’ వేఱు, ‘అసామీ షిక్మీ’ వేఱు. మొదటివాడు పట్టాదారుతోబాటు భూమిపై హక్కు గలవాడు, రెండవవాడు కౌలుదారు. మరకక్రింద ‘అసామీ’ యున్నచో తాత కౌలుదారుడు, లేనిచో భాగస్వామి. ఇట్టి కచేరీమాటలను తెలుగు కావని త్రోసివేయక, ఏరి కూర్చి, 1852లో జిల్లా నిఘంటువుగా అచ్చువేయించిన సి.పి. బ్రౌను తానును న్యాయాధికారిగా పనిచేసినవాడే. ఒక్క మాటపై ఒక కుటుంబము నిలుచునో కూలునో ఆయనకు తెలిసియుండును.

మౌల్వీసాబు ‘అస్పష్టము’ అని వ్రాసి, దాని ప్రక్కన ‘షిక్మీ’ అని వ్రాసెను. “ఉన్నది రాస్తా, లేనిది రాయను, కనపడంది కనపడలేదని రాస్తా” అనుట ఆయనకు అలవాటు. మధ్యవర్తి నన్ను వరండాలోనికి పిలిచి, “అన్నా, సదువరాని మాటను రాయమని మిమ్ముల ఎవరడిగిండ్రు? ఇడిసిపెట్టుండ్రి. ఒక్క మాట తగ్గితే మీకు పైసలు తక్కువైతయంటే, అవి గూడ నేనే ఇస్త” అనెను. అబద్ధము వ్రాయుమని అతడడుగలేదు. ఒక్క మాటను విడువుమనెను. అది విడిచినచో ‘షిక్మీ’ ఒంటరిగా నిలిచి వృద్ధునికి భాగస్వామ్యము తెచ్చును. ఎదుటి పక్షమువారు ధనికులు. వృద్ధునికి ఆ నాలుగెకరములు తప్ప వేఱాధారము లేదు.

ఇచ్చట నాకు కర్ణపర్వములోని కౌశికుని కథ అడ్డుతగిలినది. సత్యవ్రతుడైన ఆ తపస్వి, పాఱి దాగిన జనులజాడను దొంగలకు ఉన్నదున్నట్లు చెప్పి వారి చావునకు కారకుడై, ఆ సత్యముచేతనే నరకమునకు పోయినాడని శ్రీకృష్ణుడు అర్జునునకు చెప్పెను. దుర్బలుని నోటికాడి కూడు తీసివేయు సత్యము సత్యమా యని నా మనస్సు నన్ను నిలదీసినది. ఈ ప్రశ్నను తేలికగా దాటిపోవువారిని నేను నమ్మను. ఆ రాత్రి నాకు తోచిన సమాధానము, సంపూర్ణమని చెప్పను గాని, ఇది. కౌశికుడు తన మాట తాను పలికినాడు. పలుకుటయా మానుటయా అనునది అతని స్వాధీనమున నున్నది. అనువాదకుని నోట వెలువడునది అతని మాట కాదు. అనువాదమను పదమునకు శాస్త్రమున గల మొదటి యర్థమే అది: వేఱొకచోట సిద్ధమైయున్నదానిని మరల పలుకుట. విధి కొత్తదానిని విధించును, అనువాదము విధింపదు. అనువాదకుడు దయచేతనైనను ఒక మాటను చేర్చినను, విడిచినను, ఆ క్షణముననే అతడు అనువాదమును వదలి విధిని పట్టుకొన్నాడు. తనకు లేని అధికారముతో ఒకనికి భూమి ఇచ్చి ఒకనియొద్ద లాగికొన్నాడు. వాక్యముయొక్క బలమును నిర్ణయించువారు వేఱే యున్నారు. గోదావరి ప్రాంతపు బలుసువారి దత్తత వ్యాజ్యమున, ఏకపుత్రుని దత్తతకు ఈయరాదన్న వసిష్ఠవచనము మాటలలో స్పష్టముగా నిషేధమే. అయినను అది ధర్మబోధయే గాని దత్తతను చెఱుపు శాసనము కాదని 1899లో ప్రివీకౌన్సిలు తేల్చినది. ఆ ‘రాదు’ను ‘ఈయకుండుట మేలు’ అని మార్చి అనువదించు సాహసము అనువాదకుడు చేసియుండినచో, వాదమునకే చోటు లేకపోయెడిది. దయకు చోటు కలదు. వాదించు వకీలు నోట కలదు, తీర్పు చెప్పు న్యాయమూర్తి కలమున కలదు, వెల తగ్గించు నాచేతిలో కలదు. అనువాదములో లేదు.

శాంతిపర్వమున తులాధారుడను కాశీవర్తకుడు, జటలలో పక్షులు గూడు కట్టునంతటి తపస్సు చేసిన జాజలికి ధర్మము బోధించెను. పరుల చేతినుండి కొని, మాయ లేకుండ అమ్ముట తన నడవడియని అతడు చెప్పుకొన్నాడు. పరుల చేతినుండి కొనుట యను ఆ మాటయొద్ద నేను చాలసేపు ఆగిపోదును. అతడును తాను అమ్ము వస్తువును తాను చేసినవాడు కాడు. చేసినవాడు కానక్కఱలేకయే, తూచుటలో తులను సమముగా పట్టుకొన్నవాడు.

మధ్యవర్తితో కాదంటిని. అతడు పని వెనుకకు తీసికొనిపోయెను. వృద్ధుడు మాత్రము వారము దినములకు ఆ మూటతో ఒంటరిగా బస్సులో మరల వచ్చెను. అనువాదము సిద్ధముగా నుండెను, వెల పుచ్చుకొనలేదు. జిల్లా న్యాయసేవల సంస్థలో అర్హులకు ఉచితముగా వకీలును ఇత్తురని చెప్పి, చిరునామా వ్రాసి యిచ్చితిని. తాత కౌలుదారుడే యైన పక్షమున, 1950నాటి హైదరాబాదు కౌలుదారీ చట్టముక్రింద రక్షిత కౌలుదారుల జాబితాలో ఆ కుటుంబము పేరు వెదుకవలసియున్నదని నాకు తెలిసిన వకీలు ఒకరు చెప్పిరి. ఆ మాటయు కాగితముపై వ్రాసితిని. ఆ దారి లేకపోయినను నేను మధ్యవర్తికి చెప్పవలసిన మాట అదియే యని నాకు తెలియును. ఉన్నందులకు మాత్రము ఊపిరి పీల్చుకొంటిని.

వృద్ధుడు పోబోవుచు నిలిచి, “మా తాత పేరు యాడున్నదో ఒక్కసారి సూపెట్టుండ్రి” అనెను. మౌల్వీసాబు కళ్లజోడు సవరించుకొని, కాగితముపై చేయి ఆనకుండ గాలిలోనే వ్రేలు నడిపించుచు, కుడినుండి ఎడమకు ఆ పేరును నెమ్మదిగా చదివెను. వృద్ధుడు వినెను. మరల చదువుమనెను. మూడవమారు తానును కలిసి పలికెను. తరువాత ఆ నకలును, అనువాదమును, నేనిచ్చిన చిరునామా చీటీని ఒకదానిపై నొకటి పేర్చి, ఎఱ్ఱగుడ్డలో చుట్టి, వచ్చినప్పుడు వేసిన ముడినే వేసికొని చంకనబెట్టుకొనెను.